మొదటి కృష్ణుడు – ఐదున్నర

కిందటి నెల తెనాలి నుంచి మా మాస్టారి పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇల్లు అపార్టుమెంటు వాళ్ళకిచ్చేశాం. వచ్చే వారం పడగొడుతున్నారు. నాన్న పెట్టె వెనక గదిలో ఉంది. పాత సామాన్లవాడు పన్నెండొందలిస్తానంటున్నాడు, నీకేమన్నా కావాలేమోనని..." అన్నాడు. మిగతాది నేను విన్లేదు. విజయవాడ స్టేషన్లో దొరికిన బండి ఎక్కి తెనాలిలో దిగాను.

పెట్టె అంటే కాళ్ళతో తొక్కే హార్మోనియం. నాటకాల హార్మోనియం. పైన పాత పంచె ఒకటి కప్పి ఉంది, దాని మీద గ్యాసు బండ రశీదులు, విరిగిన గొడుగు. అవన్నీ తీసి మూత ఎత్తాను. కలరా ఉండల వాసన, పాత తోలు వాసన, లక్క వాసన, దాంట్లో ఎక్కడో ఒక మూల మాస్టారి నశ్యం. ఆ ఒక్క క్షణం నాకు పన్నెండేళ్ళు. అరవై దాటిన మోకాళ్ళతో నేల మీద కూలబడ్డాను. పెద్దబ్బాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

మూత లోపలి వైపు పెన్సిలుతో రాసిన వరసలు అలాగే ఉన్నాయి. "మొ. కృ. – ఐదున్నర. రెం. కృ. – నాలుగున్నర. మూ. కృ. – ఆరు. అర్జున – ఐదు. కర్ణ – నాలుగున్నర, తాగితే నాలుగు." ఆ ఆఖరి మాట చదివి పెద్దబ్బాయి, నేను ఇద్దరం నవ్వుకున్నాం. అంతకుముందు దాకా వాడి కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి.

*

కంట్రాక్టు నాటకాలు చూడనివాళ్ళకి ఆ వరసలు అర్థం కావు. అప్పట్లో ఒకే రాత్రి నాటకంలో ముగ్గురు కృష్ణులుండేవాళ్ళు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఒకాయన, యుద్ధానికి ఇంకొకాయన. కంట్రాక్టరు పేరున్న నటుల్ని ఒక్కొక్కర్ని ఒక్కో ఊరి నుంచి కుదిర్చి తెచ్చేవాడు. వాళ్ళు ఒకరితో ఒకరు రిహార్సలు చేసిందెప్పుడూ లేదు. సాయంత్రం బస్సు దిగడం, రంగు పూసుకోవడం, తెర లేవడం. వాళ్ళందర్నీ కలిపి కుట్టే దారం ఒక్కటే, స్టేజి పక్కన కూర్చున్న హార్మనిస్టు.

ఒక్కో కృష్ణుడిది ఒక్కో శృతి. హార్మోనియం మీద సి అనే మెట్టు ఒకటో శృతి. దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర. అలా లెక్కపెట్టుకుంటూ వెళితే ఏడో శృతి దాకా పన్నెండు మెట్లు. ఇవాళ కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట ఒకటి నొక్కితే శృతి మారిపోతుంది, వేళ్ళు మాత్రం అవే మెట్ల మీద ఉంటాయి. మాస్టారి పెట్టెకి ఆ సుఖం లేదు. మోహన రాగం ఐదున్నరలో వేళ్ళు ఒకచోట పడితే నాలుగున్నరలో ఇంకొకచోట పడతాయి. కృష్ణుడు మారగానే ప్రపంచమంతా అరమెట్టో మెట్టో పక్కకి జరగాలి. జరిగినట్టు జనానికి తెలియకూడదు.

ఇంకో సంగతి. పద్యానికి తాళం ఉండదు. నటుడు ఎక్కడ ఆపుతాడో, ఎక్కడ రాగం సాగదీస్తాడో వాడికే తెలియదు. ఈలలు పడితే సాగదీస్తాడు, జనం కునికితే కత్తిరిస్తాడు. మాస్టారు మెట్ల వైపు చూసేవారే కాదు. నటుడి గొంతు కింద, ఇక్కడ, మెడ గుంట దగ్గర చూసేవారు. అది లోపలికి పోయిందంటే గాలి పీలుస్తున్నాడు, పద్యం ఎత్తుకోబోతున్నాడని అర్థం. ఆ లోపల షడ్జం, అంటే స, వాడి చెవిలో పడాలి.

నా ఉద్యోగం మాస్టారి వెనక కూర్చుని తమలపాకులు చుట్టి అందించడం. నాటకం అయ్యాక పెట్టెని రిక్షాలో ఎక్కించడం. కాళ్ళు మడిచేస్తే అది మామూలు ట్రంకు పెట్టెలా ఉండేది గానీ బరువు మాత్రం దూడంత. ఆ రిక్షా మీద తెల్లవారుజామున పెట్టె పక్కన కూర్చుని వస్తుంటే, కాలవ గట్టు మీది గాలికి లోపలి రీడు, స్వరం పలికే ఇత్తడి నాలుక, ఏదో ఒకటి సన్నగా మూలిగేది. మాస్టారు నిద్దట్లోనే "రెండున్నర" అనేవారు. ఏ రీడు మూలిగిందో చెప్పడమన్నమాట.

ఒక రాత్రి కాటిసీను. మూడు దాటింది. మాస్టారికి జ్వరం. "కాసేపు తొక్కరా" అని లేచి పక్కన పడుకున్నారు. తొక్కడం వరకే నా పని అనుకున్నా. హరిశ్చంద్రుడు నా వైపు తిరిగి శృతి కోసం చూశాడు. నేను నాలుగున్నర ఇవ్వాల్సింది ఐదు ఇచ్చాను. ఆ మహానుభావుడు ఏమీ అనలేదు. ఇచ్చిన శృతిలోనే ఎత్తుకున్నాడు. పై షడ్జం దగ్గరకొచ్చేసరికి గొంతు నరాలు తాళ్ళలా లేచాయి. పద్యం ముగించి, కాటికాపరి కర్ర నా వైపు చూపిస్తూ, పాత్రలోంచి బయటికి రాకుండానే "ఓరి బాలకా, చచ్చినవాళ్ళు చాల్లేదని నన్ను కూడా ఇక్కడే కాల్పిద్దామనుకున్నావా" అన్నాడు. జనం వన్స్‌మోర్ కొట్టారు. రెండోసారి మాస్టారు లేచొచ్చి నాలుగున్నర ఇచ్చారు.

తిడతారనుకున్నా. పొద్దున టీ తాగుతూ, "వాడు పైకి అందుకోలేకపోతే నువ్వేం చేయాలో తెలుసా? నువ్వు వాడికంటే ముందు పైకెళ్ళి అక్కడ నిలబడాలి. వాడు చెయ్యి పట్టుకుని ఎక్కుతాడు" అన్నారు. నలభై ఏళ్ళు గాయకుల వెనక వాయించాను. పెళ్ళి సంగీత్‌లో పాడే పెళ్ళికొడుకు మేనమామ దగ్గర్నుంచి పేరున్న గాయకుల దాకా అందరికీ అదే చేశాను.

*

మాస్టారికి ఒక బాధ ఉండేది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వద్దంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడం దానికి రాదు, స్వరాన్ని ఊపే గమకం పలకదు, మన సంగీతానికి పనికిరాదు అని వాళ్ళ వాదన. 1971 దాకా ఆ నిషేధం నడిచింది, తర్వాత కూడా కొన్ని షరతులతోనే తలుపు తీశారు. విజయవాడ కేంద్రం 1948లో మొదలైన దగ్గర్నుంచీ మా జిల్లాల కళాకారులందరికీ అదే గుడి. నాటకాల్లో మాస్టారు శృతి ఇస్తే పాడే నటులు రేడియోలో పాడేవాళ్ళు. మాస్టారు మాత్రం ఇంట్లో ట్రాన్సిస్టరు ముందు కూర్చుని వినేవారు. "నేను లోపలికి వెళ్ళొచ్చురా, నా పెట్టే వెళ్ళకూడదు" అనేవారు.

నిజానికి ఆ వాదనలో తప్పు లేదని మాస్టారికీ తెలుసు. తోడి రాగంలో గాంధారం, అంటే గ, ఊగాలి. మెట్టు మీద అది నిలబడిపోతుంది. అందుకని ఆయన మెట్టు నొక్కుతూనే కాలి కింద గాలిని వణికించేవారు. స్వరం మారదు గానీ ఊగినట్టు చెవికి భ్రమ. పాదాలతో గమకం.

మధ్యాహ్నాలు మంచం మీద రీడ్లన్నీ పరిచి శృతి చేసేవారు. పాలితానా రీడ్లు మంచివని, గుజరాత్ నుంచి తెప్పించుకునేవారు. ఇత్తడి నాలుక కొసన బ్లేడుతో సన్నగా గీకితే స్వరం పైకెళ్తుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. ఒక్క గీత ఎక్కువైతే ఇక అంతే. గీకడం, నోట్లో పెట్టుకుని ఊదడం, తంబురాతో పోల్చడం, మళ్ళీ గీకడం. మేం చప్పుడు చేస్తే చెప్పు విసిరేవారు. ఆ తంబురాతో సరిచేసిన పెట్టె గాంధారం ఇప్పటికీ నా చెవిలో ఉంది. కీబోర్డు గాంధారం దానికన్నా పిసరంత ఎత్తు. మొదటిసారి విన్నప్పుడు మిషను చెడిపోయిందేమో అనుకున్నాను.

*

తర్వాత నేను ఆర్కెస్ట్రాలో చేరాను. మాస్టారికి చెప్పకుండా చేరాను. చెప్పినా వద్దనేవారు కాదేమో.

అప్పటి ఆర్కెస్ట్రా అంటే ఒక కాంబో ఆర్గాన్, రెండు గిటార్లు, తబలా, కాంగో, డ్రమ్ సెట్, వయొలిన్, ఫ్లూటు, క్లారినెట్. వినాయక చవితి పందిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, దసరా. స్టేజీ లేకపోతే లారీ తొట్టి పలకలు దించి దాని మీదే. పాటలు నేర్చుకోవడం క్యాసెట్టు నుంచి. టేప్‌రికార్డరు బెల్టు వదులైతే పాట శృతి తగ్గిపోయేది. బ్యాటరీ దిగితే ఇంకా తగ్గేది. నేను ఇంట్లో కూర్చుని పాట మధ్య వాద్యాలు పలికే బిట్లన్నీ మూడో శృతిలో నేర్చుకుని వెళ్తే, గిటారిస్టు వాళ్ళింటి టేప్‌రికార్డరులో విని నాలుగులో నేర్చుకుని వచ్చేవాడు. పందిట్లో పెద్ద గొడవ. ఇద్దరం ఒట్లు. పోనీ మధ్యలో మూడున్నర దగ్గర కలుద్దామన్నా కుదరదు, ఎందుకంటే మూడుకీ నాలుక్కీ మధ్య నల్లమెట్టే లేదు. ఎవడో ఒకడు సర్దుకోవాలి. నేనే సర్దుకునేవాణ్ణి. మాస్టారి దగ్గర పెరిగినవాడికి శృతి మార్చడం పెద్ద పని కాదు. "నువ్వుంటే తలనొప్పి లేదురా" అనేవాళ్ళు. అదే నాకు పేరు తెచ్చింది, వేళ్ళ వేగం కాదు.

యమహా డీఎక్స్ సెవెన్ కీబోర్డు 1983లో వచ్చిందట. మా దాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. మద్రాసులో సెకండ్ హ్యాండుది ఉందని తెలిసి, అమ్మ పేర ఉన్న రెండు సెంట్ల స్థలం అమ్మి, అప్పు చేసి, హౌరా మెయిల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అరవై ఒక్క మెట్లు. ఒకేసారి పదహారు స్వరాలు పలికేది. మొదటి రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని తెల్లవార్లూ దాని ఎలక్ట్రిక్ పియానో టోను మీద ఒక్క కార్డు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి, నొక్కి వింటూ కూర్చున్నాను. గంటలు నీళ్ళలో మునిగినట్టు ఉండేది.

అది తెచ్చాక మా ఆర్కెస్ట్రా లెక్కలు మారాయి. ప్రోగ్రాం పెట్టించిన పార్టీ ఇచ్చేది రెండు వేలైతే తొమ్మిది మంది పంచుకునేవాళ్ళం. ఒకరోజు వయొలిన్ ఆయన రాలేదు. మేనేజరు నా వైపు చూసి, "నీ పెట్టెలో వయొలిన్ ఉందిగా, లాగించెయ్" అన్నాడు. లాగించాను. జనానికి తేడా తెలియలేదు. ఆ తర్వాత నెల నుంచి వయొలిన్ ఆయన్ని పిలవడం మానేశారు. తర్వాత ఫ్లూటు. ఆరు నెలలు తిరిగేసరికి తొమ్మిది మందిమి ఐదుగురమయ్యాం. నా వాటా దాదాపు రెట్టింపైంది. ఆ డబ్బుతోనే అప్పు తీర్చాను. వెర్సటైల్ అని పాంప్లెట్లలో నా పేరు ముందు వేసేవాళ్ళు. నలుగురి కూడు ఒక్కడు తినడాన్ని ఇంగ్లీషులో అలా అంటారని అప్పుడు తెలిసింది.

ఆఖర్న మిగిలింది క్లారినెట్ బాబాయి. బ్యాండుమేళం నుంచి వచ్చిన మనిషి. మాస్టారంతటి వయసు. ఆయన వంతు వచ్చిందని ఆయనకి ముందే తెలిసిపోయింది. ఒంగోలు దగ్గర ప్రోగ్రాం అయ్యాక, బల్లలు మడుస్తుంటే నా దగ్గరికి వచ్చాడు.

"నీ పెట్టెలో నేను కూడా ఉన్నానంటగా. ఏదీ, చూపించు."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆయన నిలబడే ఉన్నాడు. క్లారినెట్ టోను తీసి, ఆయన ఎప్పుడూ వాయించే బిట్టు ఒకటి వాయించాను. తల వంచి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్ళీ వాయించమన్నాడు. వాయించాను.

"బానే ఉందిరా. కానీ వీడు గాలెక్కడ పీలుస్తున్నాడు?"

నాకు అర్థం కాలేదు. ఆయన తన క్లారినెట్ సంచిలోంచి తీయలేదు, నోటితోనే ఆ బిట్టు పాడాడు. మూడు చోట్ల ఆగాడు. ఆగిన చోటల్లా బిట్టుకి ప్రాణం వచ్చింది. నేను ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని విన్న బిట్టే అది. ఆ ఖాళీలు కూడా బిట్టులో భాగమని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ రాత్రి తర్వాత ఆయన రాలేదు. నేను మేనేజరుతో వాదించలేదు. వాదించి ఉండాల్సింది. కానీ అప్పటి నుంచి ఊదే వాద్యం టోను తీసినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టి వాయిస్తాను. నా ఊపిరి అయిపోయిన చోట వేళ్ళు లేస్తాయి. షెహనాయి అయినా, ఫ్లూటయినా, సాక్సొఫోనయినా అంతే. నా స్టూడెంట్లందరికీ ఇదే మొదటి పాఠం. పిల్లలు బుగ్గలు ఎర్రబడేదాకా బిగబట్టి వాయించి, పడీ పడీ నవ్వుతారు.

*

డీఎక్స్ సెవెన్ మాస్టారికి చూపించడానికి తీసుకెళ్ళాను. ఆయనేమంటారోనని భయంగానే ఉంది. మంచం మీద పెట్టి ప్లగ్గు పెట్టాను. టోన్లు విన్నారు, పెద్దగా పట్టించుకోలేదు. ఎడమ వైపు చక్రాలు రెండుంటే "ఇదేంటి" అన్నారు. పిచ్ బెండ్ అన్నాను. మెట్టు నొక్కి చక్రం కొంచెం ముందుకి తిప్పాను. స్వరం జారింది.

ఆయన నా చెయ్యి తీసేశారు. కుడిచేతి మధ్య వేలితో ఒక్క మెట్టు నొక్కి, ఎడమచేత్తో చక్రం పట్టుకున్నారు. ముందు మరీ ఎక్కువ తిప్పారు, అపస్వరం. తర్వాత తగ్గించారు. తర్వాత ఇంకా తగ్గించారు. పావుగంట అదే మెట్టు. కాసేపటికి తోడి గాంధారం ఊగింది. లోపల వంటింట్లో పిన్నిగారు పప్పు కలుపుతున్న గరిటె ఆపేసి గుమ్మంలోకి వచ్చారు.

"ఈ చక్రం ఒక్కటి నా పెట్టెకుంటే రేడియోవాళ్ళు రానిచ్చేవాళ్ళేమోరా" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

*

మద్రాసు వెళ్ళాను. వెళ్ళనివాడెవడు? సినిమాల్లో కీబోర్డు వాయించేవాళ్ళకి అది పండగ కాలం. రాజ్-కోటి గారి దగ్గర దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు వాయిస్తుండేవాడు, ఆ కుర్రాడే ఏ.ఆర్. రెహమాన్. మణిశర్మ గారూ సంగీత దర్శకుడు కాకముందు కీబోర్డు వాయించినవారే. అంతటివాళ్ళు వాయించే ఊళ్ళో నాకూ ఒక కుర్చీ దొరుకుతుందనుకున్నాను.

దొరికింది, ఒక్క పూట. స్టూడియోలో నా ముందు స్టాండు మీద కాగితం పెట్టారు. ఐదు గీతలు, వాటి మీద గోలీకాయలు. స్టాఫ్ నొటేషన్. నాకు సరిగమలు తప్ప రావు. అటూ ఇటూ చూశాను. వయొలిన్ల వాళ్ళందరూ కాగితం మీద కళ్ళు పెట్టి, పేపరు చదివినట్టు చదివేస్తున్నారు. అసిస్టెంటుతో "ఒకసారి వాయించి చూపిస్తే పట్టేస్తాను సార్" అన్నాను. అతను చెడ్డవాడేం కాదు. గడియారం చూశాడంతే. నా బదులు ఇంకొకరు కూర్చున్నారు. బయట చెట్టు కింద టీ తాగుతూ లోపలి పాట విన్నాను. నేను వాయించాల్సిన బిట్టు రెండోసారి వినగానే పూర్తిగా వచ్చేసింది. వచ్చి ఏం లాభం?

తిరిగొచ్చి, గుంటూరులో ఒక చర్చి ఆర్గనిస్టుగారి కాళ్ళ మీద పడ్డాను. ఆయన ఒక షరతు పెట్టారు. "నేర్పుతా. ఆదివారాలు నాతో పాటు వాయించాలి." ఏడాదిన్నర ప్రతి ఆదివారం తెల్లవారుజామున తెనాలి నుంచి గుంటూరు బస్సు. నాలుగు గొంతుల పాట అంటే ఏమిటో అక్కడ తెలిసింది. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ నాలుగూ నాలుగు దారుల్లో నడిచి ఒక ముగింపు దగ్గర కలుసుకుంటాయి. మన సంగీతంలో ఒక్క దారే, ఎంత లోతుకైనా పోతుంది. ఇక్కడ నాలుగు దారులు పక్కపక్కన. నాకు రెండూ కావాలనిపించింది. మా నాయనమ్మకి చుట్టుపక్కలవాళ్ళు ఏదో నూరిపోశారు, మీవాడు చర్చికి పోతున్నాడని. ఆవిడ "కృష్ణుడికి శృతి ఇచ్చినవాడు యేసుకి ఇస్తే ఏమవుద్ది" అని పంపించేసింది.

*

ఆ తర్వాత క్యాసెట్ల కాలం. విజయవాడ సందుల్లో నాలుగు గదుల ఇళ్ళల్లో కోడిగుడ్ల అట్టలు గోడలకి అంటించి స్టూడియోలు వెలిశాయి. ఒక్కరోజులో ఎనిమిది పాటలు, ఏ సైడు నాలుగు, బి సైడు నాలుగు. కార్తీక మాసం రాకముందే అయ్యప్ప పాటలు, నవంబరు దాటకముందే క్రిస్మస్ పాటలు. రెండూ ఒకే సమయంలో పడేవి. పొద్దున శరణుఘోష, మధ్యాహ్నం హల్లెలూయ, రాత్రి ఎన్నికలుంటే పార్టీ పాట. ఎన్నికల్లో ఒక తమాషా జరిగింది. ఒకే ట్యూను రెండు పార్టీలకి అమ్మాడు ఒకాయన, గుర్తు పేరు మాత్రం మార్చి. రెండు ఆటోలూ ఒకే సెంటర్లో ఎదురుపడ్డాయి. రెండింట్లోనూ నేనే కీబోర్డు. శృతి కూడా ఒకటే కాబట్టి అపస్వరం లేదు.

డబ్బులు? కొందరు కవరు చేతిలో పెట్టి దణ్ణం పెట్టేవాళ్ళు. ఒక పెద్ద ఊరి ఉత్సవ కమిటీ తొమ్మిది రాత్రులు వాయించుకుని చివరి రోజు ప్రసాదం పొట్లం ఇచ్చి పంపింది. ఆ పొట్లంలో పులిహోర చాలా బాగుంది, ఆ మాట చెప్పాలి.

కరెంటు గురించి రాయాలంటే ఇంకో ఇరవై పేజీలు కావాలి. పాట మధ్యలో ఓల్టేజి పడిపోతే కీబోర్డు గుడ్డిదై మళ్ళీ లేచేది, లేచేటప్పుడు మొదటి టోనుతో లేచేది. విషాద గీతం రెండో చరణంలో ఎన్నిసార్లు నాకు ఉన్నట్టుండి గంటలు మోగాయో! ఒకసారి ముందు పాటకి పెట్టిన ట్రాన్స్‌పోజ్ తీయడం మర్చిపోయాను. పన్నెండేళ్ళ అమ్మాయి, మొదటిసారి స్టేజీ ఎక్కింది. నా బిట్టు అరమెట్టు పైన మొదలైంది, ఆ పిల్ల అసలు శృతిలోనే ఎత్తుకుంది. రెండు లైన్ల దాకా నాకు నమ్మకం కలగలేదు, తప్పు నాదని. ఆ పిల్ల మాత్రం గోడలా నిలబడింది. మాస్టారుంటే ఆ పిల్లకి కాఫీ ఇప్పించేవారు, నా మీదికి చెప్పు విసిరేవారు.

*

ఆ రోజు నుంచే నా క్లాసులో ట్రాన్స్‌పోజ్ మీట మీద తెల్ల ప్లాస్టరు అంటించాను. ఇప్పటికీ ఉంది.

సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మా ఇంటి ముందు గది పిల్లలతో నిండిపోతుంది. తల్లిదండ్రుల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్నాళ్ళలో సినిమా పాట వాయిస్తాడండీ?" రెండో ప్రశ్న, "ట్రినిటీ గ్రేడ్లు ఇప్పిస్తారా?" ఇప్పిస్తాను. ఇనీషియల్ నుంచి ఎనిమిదో గ్రేడు దాకా లండన్ నుంచి సర్టిఫికెట్టు వస్తుంది, గోడకి అందంగా ఉంటుంది. ఆ ఐదు గీతలు నాకు రాక చెట్టు కింద టీ తాగాను కాబట్టి ఏ పిల్లాడికీ ఆ గతి పట్టకూడదని వాళ్ళ చేత రాయించి, చదివించి, చంపేస్తాను. కానీ శుక్రవారం కాగితాలు బంద్. ఆ రోజు ఒకడు పాడాలి, ఇంకొకడు వాడి మెడ గుంట చూస్తూ వెంట నడవాలి.

2020లో అందరిలాగే ఫోను స్టాండులో పెట్టి క్లాసులు చెప్పడం నేర్చుకున్నాను. డల్లాస్‌లో నలుగురు పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్ళకి శనివారం రాత్రి, నాకు ఆదివారం పొద్దున ఆరు. మొదట్లో ఒక వింత జరిగేది. నేను ఇక్కడ తంబురా పెట్టి పాఠం చెప్తుంటే, వాళ్ళకి నా గొంతు వినిపించేది గానీ తంబురా వినిపించేది కాదు. ఎంత పెంచినా అంతే. ఆఖరికి ఒక పిల్లాడి తండ్రి, సాఫ్ట్‌వేర్ మనిషి, విడమర్చి చెప్పాడు. "మాస్టారూ, ఆగకుండా ఒకేలా మోగేదాన్ని జూమ్ ఫ్యాను చప్పుడనుకుని తీసేస్తుందండీ. ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది నొక్కండి." నొక్కాను. శృతి వచ్చింది. నేను జీవితమంతా చేసిన పనిని అది ఫ్యాను చప్పుడనుకుందన్నమాట! ఇంట్లో చెప్తే మా ఆవిడ "అది చెప్పింది కూడా నిజమేగా, రాత్రిళ్ళు మీ తంబురాకి నాకు నిద్ర పట్టదు" అంది.

*

పెట్టె ఆటో ట్రాలీలో విజయవాడ వచ్చింది. తిత్తి తోలు రెండు చోట్ల చిరిగింది, కొత్తది వేయించాను. రీడ్లు నేనే శుభ్రం చేశాను, బ్లేడు మాత్రం తాకించలేదు. ఒక్క రీడు, రెండున్నర మెట్టుది, పలకడం లేదు. రిక్షాలో మూలిగేది అదే. మార్చడానికి మనసు రాలేదు, ఇంకా.

మొన్న శుక్రవారం పిల్లలందరూ దాని చుట్టూ మూగారు. అందర్లోకి చిన్నది, పదేళ్ళ పిల్ల, స్టూలెక్కి కూర్చుంది. కాళ్ళు పెడళ్ళకి అందలేదు. నేను కింద కూర్చుని రెండు చేతులతో పెడళ్ళు నొక్కడం మొదలుపెట్టాను. మెట్లు అటూ ఇటూ తడిమి చూసి,

"మాస్టారూ, దీంట్లో ట్రాన్స్‌పోజ్ ఎక్కడుంది? ప్లాస్టరు కూడా లేదే?" అంది.

మూత లోపలి పెన్సిలు రాత చూపించాను. కూడబలుక్కుని చదివింది. "మొ. కృ. అంటే?"

"మొదటి కృష్ణుడు. ఐదున్నర. అక్కడ్నించి సరళీ స్వరాలు కానియ్."

సరళీ స్వరాల రాగం మాయామాళవగౌళ. ఐదున్నరలో అది వేళ్ళకి ఒక ముగ్గులా ఉంటుంది. నల్లది, రెండు తెల్లవి, రెండు నల్లవి, రెండు తెల్లవి, చివర మళ్ళీ నల్లది. ఆ పిల్ల ఎప్పుడూ ఒకటో శృతిలోనే వాయించింది. నాలుక బయటపెట్టి, చెవితో వెతుక్కుంటూ స పట్టుకుంది. రి. గ. మ. నేను తిత్తి ఆపకుండా నొక్కుతున్నాను. ఐదో స్వరం పడేది రెండున్నర మెట్టు మీద. వేలు సరిగ్గా అక్కడే పడింది. గాలి మాత్రం వచ్చింది, బుస్సుమని.

వేలు తీయలేదు. కిందికి వంగి ఒకసారి నా మొహంలోకి చూసింది. నోటితో 'ప' అనేసి, ద మీదికి వెళ్ళిపోయింది.